అమెరికా తొలినాళ్ళ చరిత్ర నెట్‌లో చదవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పిల్లల్ని హైస్కూల్లో చదివిస్తున్నవాళ్ళు, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి తయారవుతున్నవాళ్ళు, ఇక్కడ సివిల్స్‌కి కూర్చున్నవాళ్ళు, ఊరికే ఆసక్తి కొద్దీ చదివేవాళ్ళు... అడిగేది ఎవరైనా ప్రశ్నలు ఇంచుమించు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. సైట్ల పేర్లు తెలుగులోనే రాశాను, ఇంగ్లీషులో కొట్టేటప్పుడు స్పెల్లింగ్ కాస్త అటూ ఇటూ అయినా గూగుల్ దొరకబుచ్చుకుంటుంది. మొత్తం మీద నేను చెప్పేది ఒకటే: ముందు అసలు కాగితం చదవండి, దాని మీద ఎవరేమన్నారో తర్వాత చూసుకోవచ్చు. ఆ కాగితాల్లో చాలా భాగం ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఫోన్లో దొరుకుతోంది.

తొలినాళ్ళు అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

చాలామంది 1776 నుంచి లెక్క మొదలుపెడతారు. అప్పటికే అక్కడ ఇంగ్లీషువాళ్ళు స్థిరపడి నూట అరవై తొమ్మిదేళ్ళు: వర్జీనియాలో జేమ్స్‌టౌన్ 1607, మసాచుసెట్స్‌లో ప్లిమత్ 1620. వాళ్ళకంటే ముందు 1565లోనే స్పెయిన్ వాళ్ళు ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ కట్టారు. వీళ్ళందరికీ ముందు వేల ఏళ్ళుగా అక్కడే బతుకుతున్న జనం ఉన్నారు. ఇక చివరి గీత ఎక్కడ గీయాలన్నది చరిత్రకారుల ఇష్టం, కొందరు 1800 అంటారు, కొందరు 1820 దాకా లాగుతారు. మీకు పరీక్ష ఉంటే సిలబస్ చెప్పినట్టు వెళ్ళండి.

ఒక్క సైట్ చెప్పమంటే ఏది చెబుతారు?

ఫౌండర్స్ ఆన్‌లైన్. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, వర్జీనియా యూనివర్సిటీ ప్రెస్ కలిసి 2013లో తెరిచారు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్, మాడిసన్, జాన్ జే ఈ ఏడుగురు దేశ స్థాపకుల ఉత్తరాలు, డైరీలు, వాళ్ళకి వచ్చిన ఉత్తరాలు అన్నీ కలిపి 1,80,000కి పైగా ఉన్నాయి. అకౌంట్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. రాసినవాళ్ళ పేరుతో, అందుకున్నవాళ్ళ పేరుతో, కాలంతో జల్లెడ పట్టచ్చు. చాలా ఉత్తరాల కింద ఎడిటర్లు రాసిన నోట్స్ ఉంటాయి, ఆ నోట్స్ చదవకుండా వదిలేస్తే సగం మజా పోయినట్టే. ఎర్లీ యాక్సెస్ అని రాసి ఉంటే మాత్రం అది నోట్స్ లేని ఉత్త ప్రతి.

మొదట ఏం చదవాలి అంటారా? 1776 మార్చి 31న ఆబిగైల్ ఆడమ్స్ తన భర్త జాన్‌కి రాసిన ఉత్తరం. అందులో అందరూ ఎత్తి చూపించేది ఒక్క వాక్యమే, కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళని గుర్తుపెట్టుకోండి అన్నది. మొత్తం చదివితే ఇంకా చాలా ఉంది. అప్పుడే రెండు వారాల క్రితం బ్రిటిష్ సైన్యం బోస్టన్ వదిలి వెళ్ళింది, ఊళ్ళో మశూచి ఉంది, తమ ఇంట్లో సైన్యం డాక్టరొకడు కాపురం పెట్టి ఇల్లంతా మురికి చేసిపోయాడు గానీ వేరే నష్టమేమీ లేదని ఆవిడ కబురు చెబుతోంది. అదే ఉత్తరంలో ఇంకో చురక కూడా ఉంది: తోటి మనుషుల స్వేచ్ఛ లాక్కోవడం అలవాటైనవాళ్ళకి తమ స్వేచ్ఛ మీద మాత్రం అంత తపన ఉంటుందా అని వర్జీనియా దొరల మీద అనుమానం. ఏప్రిల్ 14న జాన్ రాసిన జవాబు కూడా అక్కడే ఉంది. ఆడవాళ్ళ చట్టాల మాటకి నవ్వొస్తోంది అంటాడు. రెండూ కలిపి అరగంటలో చదివేయచ్చు, టెక్స్ట్‌బుక్ పేరాకీ దీనికీ తేడా వెంటనే తెలుస్తుంది.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లోకి వెళితే దారి తప్పిపోతున్నాం. ఏం చేయాలి?

అది సముద్రం, నేరుగా దూకితే అంతే. గూగుల్‌లో మీ విషయం పక్కన ఆ లైబ్రరీ పేరు కలిపి కొట్టండి, లేదా కలెక్షన్స్ అన్న చోటకి వెళ్ళి ఒక మనిషిని పట్టుకోండి. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్ కాగితాలు స్కాన్ చేసి పెట్టారు.

అక్కడ తప్పక చూడాల్సింది స్వాతంత్ర్య ప్రకటనకి జెఫర్సన్ రాసుకున్న చిత్తుప్రతి. కొట్టివేతలు, పైన కింద ఇరికించిన మాటలు, పక్కన ఫ్రాంక్లిన్, ఆడమ్స్ చేసిన మార్పులు. ప్రజలని ముందు రాజుగారి సబ్జెక్ట్స్ అని రాసి, సిరా ఆరకముందే చెరిపేసి దాని మీదే సిటిజన్స్ అని దిద్దాడని 2010లో ప్రత్యేకమైన ఫొటోల ద్వారా బయటపడింది. బానిస వ్యాపారాన్ని తిడుతూ రాసిన పెద్ద పేరా ఒకటి ఈ చిత్తులో ఉంటుంది, కాంగ్రెస్ దాన్ని మొత్తంగా లేపేసింది. రాసినవాడే తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు, అది కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

చక్కగా రాసిన ఫైనల్ కాపీ మాత్రం నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. అన్నట్టు, స్వాతంత్ర్యానికి ఓటు వేసింది 1776 జులై 2న, ప్రకటనని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. 2026 జులై 4కి 250 ఏళ్ళు.

పాత ఇంగ్లీషు బుర్రకి ఎక్కట్లేదు. తెలుగులో లేవా?

అసలు పత్రాలు ఇంగ్లీషులోనే చదవాలి, తప్పదు. బ్రౌజర్లో ట్రాన్స్‌లేట్ నొక్కితే ఆ పొడుగాటి వాక్యాలు ముక్కలు ముక్కలై వస్తాయి, ఎవరు ఎవరిని అన్నారో తారుమారవుతుంది. నెమ్మదిగా బయటకి చదవండి, నిజంగా పనిచేస్తుంది. ఆబిగైల్ స్పెల్లింగులు కూడా ఆవిడ ఇష్టమే, కాబట్టి మీ ఇంగ్లీషు తక్కువేమో అని టెన్షన్ పడక్కర్లేదు.

ఇంకో తిరకాసు ఉంది. అప్పటి అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే ఎస్ అక్షరం పొడుగ్గా, అచ్చం ఎఫ్ లాగా ఉండేది. బిల్ ఆఫ్ రైట్స్ (రాజ్యాంగానికి చేసిన హక్కుల సవరణలు) చేతిరాత ప్రతిలో కూడా పైన కాంగ్రెస్ అన్న మాట కాంగ్రెఫ్స్ అన్నట్టు కనిపిస్తుంది. కంటికి కాసేపట్లో అలవాటవుతుంది గానీ కంప్యూటర్‌కి అలవాటవ్వదు. గూగుల్ బుక్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 1800కి ముందు అచ్చయిన పుస్తకాల్లో వెతికి ఏమీ దొరక్కపోతే, ఎస్ ఉన్న చోట ఎఫ్ పెట్టి, అంటే బోస్టన్‌ని బోఫ్టన్ చేసి ఇంకోసారి వెతకండి. ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఈ గొడవ లేదు, అక్కడ మనుషులే చదివి టైప్ చేశారు.

ఒకే సంఘటనకి రెండు తేదీలు కనిపిస్తున్నాయి. ఏది కరెక్ట్?

రెండూ. బ్రిటన్, దాని వలసలు 1752 దాకా పాత క్యాలెండర్ వాడాయి, కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. ఆ ఏడు సెప్టెంబర్ 2 మర్నాడు 14 అయిపోయింది, మధ్యలో 11 రోజులు మాయం. అందుకే వాషింగ్టన్ పుట్టినప్పుడు 1731 ఫిబ్రవరి 11 అని రాసుకుంటే, ఇప్పుడు 1732 ఫిబ్రవరి 22 అంటాం. జనవరి, ఫిబ్రవరి తేదీల్లో సంవత్సరం దగ్గర అడ్డగీత పెట్టి రెండు అంకెలు కనిపిస్తే ఇదే సంగతి.

ఎప్పుడూ ఈ దొరల ఉత్తరాలేనా? బానిసలుగా బతికినవాళ్ళ మాటేమిటి?

మంచి ప్రశ్న. వాళ్ళలో చాలామందికి చదువు దక్కనివ్వలేదు, సొంతంగా రాసిపెట్టినవి తక్కువ. అందుకని వాళ్ళ జాడ యజమానుల కాగితాల్లోనే వెతుక్కోవాలి.

స్లేవ్ వాయేజెస్ అన్న సైట్‌లో అట్లాంటిక్ దాటించిన 36,000కి పైగా ఓడ ప్రయాణాల వివరాలు ఉన్నాయి. ఆఫ్రికాలో ఓడ ఎక్కించినవాళ్ళు దాదాపు కోటీ 25 లక్షలు, ప్రాణాలతో దిగింది కోటీ 7 లక్షలని వాళ్ళ అంచనా. వాళ్ళలో నేరుగా ఉత్తర అమెరికా నేల మీద దింపింది 4 లక్షలకి కాస్త తక్కువ, ఎక్కువమందిని బ్రెజిల్‌కీ కరీబియన్ దీవులకీ తీసుకెళ్ళారు. ఈ లెక్క మొదటిసారి చూసినవాళ్ళు నమ్మరు.

మనుషులు కనిపించేది మాత్రం పేపర్ ప్రకటనల్లో. కార్నెల్ యూనివర్సిటీ నడిపే ఫ్రీడమ్ ఆన్ ద మూవ్‌లో పారిపోయిన బానిసల కోసం యజమానులు వేయించిన ప్రకటనలు పోగుచేశారు. 18వ శతాబ్దపు వర్జీనియా గెజెట్ పేపర్లని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వాళ్ళు ఉచితంగా పెట్టారు. ఒక్కటి చూడండి. 1796 మే నెలలో ఫిలడెల్ఫియా పేపర్లో వచ్చిన ప్రకటన, వేయించింది సాక్షాత్తూ ప్రెసిడెంట్ వాషింగ్టన్ ఇంటి పనులు చూసే మనిషి. పారిపోయింది ఓనా జడ్జ్ అనే అమ్మాయి. ముఖం నిండా చిన్న మచ్చలు, బాగా నల్లటి కళ్ళు, ఒత్తైన జుట్టు, మంచి బట్టలు చాలా ఉన్నాయి, ఊళ్ళోనో రేవులో ఓడ మీదో దొరికితే పట్టి తెచ్చినవాళ్ళకి 10 డాలర్లు. పారిపోవడానికి ఆమెకి కారణమేమీ లేదు అని కూడా రాయించారు, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ఆమె ఎప్పటికీ దొరకలేదు, న్యూ హాంప్‌షైర్‌లో 1848లో కన్నుమూసింది. వాషింగ్టన్ ఎస్టేట్ మౌంట్ వెర్నన్ వాళ్ళ సైట్ ఆమె కథతో పాటు అక్కడి మిగతావాళ్ళ వివరాలు కూడా దాచకుండా చెబుతుంది: 1799లో ఆ ఎస్టేట్‌లో 317 మంది బానిసలు, అందులో 123 మంది వాషింగ్టన్ సొంతం.

మూలవాసుల గురించి?

నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర సెనేట్ ఆమోదం పొందిన 374 ఒప్పందాలున్నాయి, అన్నీ స్కాన్ చేసి పెట్టారు. ఏ తెగ నేల ఎక్కడిదో మ్యాప్ మీద చూడాలంటే నేటివ్ లాండ్ అనే కెనడా సంస్థ సైట్ బాగుంటుంది, అయితే ఆ గీతలు ఉజ్జాయింపు మాత్రమే, వాళ్ళే ఆ మాట చెబుతారు. ఒప్పందాలు రాసింది తెల్లవాళ్ళు, వాళ్ళ భాషలో. అది మనసులో పెట్టుకుని చదవండి.

చదివే ఓపిక లేదు. వీడియోలు, పాడ్‌కాస్ట్‌లు?

యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోయాన్ ఫ్రీమన్ అమెరికా విప్లవం మీద చెప్పిన 25 క్లాసులు యూట్యూబ్‌లో పూర్తిగా ఉన్నాయి, 2010లో రికార్డు చేసినవి. క్లాసంటే నిద్రొచ్చేవాళ్ళు కూడా వింటారు, ఆవిడ అంత హుషారుగా చెబుతుంది. వంట చేస్తూనో బస్సులోనో వినాలంటే లిజ్ కోవార్ట్ చేసే బెన్ ఫ్రాంక్లిన్స్ వరల్డ్ పాడ్‌కాస్ట్, ప్రతిసారీ ఒక చరిత్రకారుడినో చరిత్రకారిణినో కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. పది నిమిషాల వీడియోలు పరీక్ష ముందు రోజు రివిజన్‌కి పనికొస్తాయి, అంతకు మించి నాకు వాటి మీద నమ్మకం లేదు.

డబ్బులు కట్టాల్సినవి ఏవి?

పరిశోధకులు వాడే కొన్ని పెద్ద డేటాబేస్‌లు యూనివర్సిటీల చందాతో నడుస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి. ఎవాన్స్ కలెక్షన్‌లో 1800 లోపు అమెరికాలో అచ్చయిన వాటిలోంచి దాదాపు 5,000 పుస్తకాలు, కరపత్రాలు టైప్ చేసి ఉచితంగా వదిలారు, మామూలు పాఠకుడికి అదే ఎక్కువ. పరిశోధనా వ్యాసాలు ఉండే జేస్టోర్‌లో సొంత అకౌంట్ తెరిస్తే నెలకి 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో ఊరికే చదువుకోవచ్చు. టెక్స్ట్‌బుక్ కావాలంటే అమెరికన్ యాప్ (వై-ఏ-డబ్ల్యూ-పీ, మొబైల్ యాప్ కాదు) ఉచితం, యూనివర్సిటీ అధ్యాపకులు కలిసి రాసింది.

మా అబ్బాయి ఏపీ యూఎస్ హిస్టరీ తీసుకున్నాడు. ఏం చదివించమంటారు?

మన ఏపీ కాదండీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 1491 నుంచి మొదలవుతుంది. అందులో పిల్లలు భయపడేది డాక్యుమెంట్ల మీద రాసే పెద్ద ప్రశ్న. ఏడు పత్రాలు ఇచ్చి, వాటిని ఆధారం చేసుకుని వ్యాసం రాయమంటారు, మొత్తం మార్కుల్లో 25 శాతం దానికే. ఆ ప్రశ్న 1754 నుంచి 1980 మధ్య కాలం మీదే వస్తుంది, కాబట్టి జేమ్స్‌టౌన్ మీద మరీ కుస్తీ పడక్కర్లేదు. వారానికి ఒక్క పత్రం చదివించి మూడే అడగండి: ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఆయనకి అందులో ఏం లాభం. పత్రాలు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ డాక్స్‌టీచ్‌లో బోలెడు దొరుకుతాయి. కోచింగ్‌కి వేలకి వేలు పోయడం కంటే ఇది నయం అని నా అభిప్రాయం.

సిటిజన్‌షిప్ టెస్ట్‌కి ఇదంతా అవసరమా?

అవసరం లేదు. ప్రశ్నలు, జవాబులు సిటిజన్‌షిప్ అర్జీలు చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి కొత్త పద్ధతి: 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకు ముందు అప్లై చేసుంటే పాతదే, 100లోంచి 10, ఆరు చెబితే చాలు. అమ్మానాన్నల కోసం అడిగేవాళ్ళకి: 50 దాటి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు ఉన్నవాళ్ళు, లేదా 55 దాటి 15 ఏళ్ళు ఉన్నవాళ్ళు ఇంగ్లీషు టెస్ట్ లేకుండా, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పచ్చు. 65 దాటి 20 ఏళ్ళు ఉంటే చదవాల్సిన ప్రశ్నలు 20 మాత్రమే.

సివిల్స్‌కి?

హిస్టరీ ఆప్షనల్‌లో అమెరికా విప్లవం, రాజ్యాంగం ఉన్నాయి. యేల్ లా స్కూల్ వాళ్ళ అవలాన్ ప్రాజెక్ట్ ఒక్కటి చాలు: స్వాతంత్ర్య ప్రకటన, ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్, 1783 పారిస్ సంధి, 1787 రాజ్యాంగ సభలో మాడిసన్ రాసుకున్న నోట్స్, ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలు 85 అన్నీ ఒకచోట, ప్రకటనలు లేకుండా. సైట్ చూడ్డానికి పాతకాలం నాటిదిలా ఉంటుంది, పట్టించుకోకండి. ఫెడరలిస్ట్‌లో 10, 51 చదివితే నోట్స్‌లో బట్టీ కొట్టిన దానికంటే బాగా రాయగలరు.

అసలు ఈ చరిత్రతో మనకేంటి సంబంధం?

అనుకున్నదానికంటే ఎక్కువే. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో పన్ను మీద కోపంతో అక్కడివాళ్ళు సముద్రం పాలు చేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాం దగ్గర ఉత్తర సర్కారులు ఒప్పందం మీద పుచ్చుకున్న కంపెనీ, శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన కోస్తా పెత్తనం క్రమంగా దక్కించుకున్న కంపెనీ, ఇదే. అప్పుల్లో మునిగిన కంపెనీని గట్టెక్కించడానికే పార్లమెంటు టీ చట్టం తెచ్చింది. టీ మాత్రం చైనాది, మన దేశంలో టీ తోటలు 1830ల తర్వాత మాట. మర్నాడు జాన్ ఆడమ్స్ డైరీలో ఎంత సంబరపడ్డాడో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ సైట్‌లో ఆయన చేతిరాతలోనే చూడచ్చు.

తర్వాత అమెరికా యుద్ధంలో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్. 1781 అక్టోబర్ 17న యార్క్‌టౌన్ నుంచి వాషింగ్టన్‌కి చీటీ పంపాడు, 24 గంటలు యుద్ధం ఆపుదాం, షరతులు మాట్లాడుకుందాం అని. వాషింగ్టన్ ఇచ్చింది రెండు గంటలు. 19న లొంగిపోయాడు, ఒంట్లో బాలేదని చెప్పి ఆ కార్యక్రమానికి తను రాకుండా కింది అధికారిని పంపాడు. ఐదేళ్ళు తిరక్కుండా గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు, టిప్పు మీద యుద్ధం చేశాడు, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టాడు. అదే పద్ధతి 1802 తర్వాత సర్కారు జిల్లాలకీ వచ్చి మన జమీందారీలని స్థిరపరిచింది. ఆ అక్టోబర్ 17 ఉత్తరాలు చదువుతుంటే ఇది గుర్తుకు రాక మానదు.

యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలిహు యేల్ కూడా బోస్టన్‌లో పుట్టి మద్రాసులో కంపెనీ గవర్నర్‌గా చేసినవాడే (1687 నుంచి 1692). 1718లో ఆయన పంపిన సరుకుల మూటలు అమ్మితే 560 పౌండ్లకి పైగా వచ్చి కాలేజీ నిలబడింది.

వాట్సాప్‌లో వచ్చే వాషింగ్టన్, జెఫర్సన్ సూక్తులు నిజమేనా?

చాలావరకు కాదు. జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో వాళ్ళు ఆయన అనని మాటలకి ఒక విభాగమే పెట్టారు, తక్కువ పాలించే ప్రభుత్వమే మంచి ప్రభుత్వం అన్న ప్రసిద్ధ వాక్యం కూడా అందులో ఉంది. చిన్నప్పుడు మన ఇంగ్లీషు రీడర్లలో చదివిన చెర్రీ చెట్టు కథ వీమ్స్ అనే ఆయన 1806 నాటి ముద్రణలో చేర్చిన కల్పన. చెక్క పళ్ళ కథా అంతే. వాషింగ్టన్ కట్టుడు పళ్ళలో ఏనుగు దంతం, లోహం, మనుషుల పళ్ళు ఉండేవి. 1784లో బానిసల దగ్గర తొమ్మిది పళ్ళు కొన్నందుకు 6 పౌండ్ల 2 షిల్లింగులు ఇచ్చినట్టు ఆయన ఎస్టేట్ పద్దులోనే ఉంది. కల్పన కంటే నిజం ఘోరం.

ఏఐని అడిగితే అయిపోతుందిగా?

ఎక్కడ వెతకాలో చెప్పమనండి, బాగా చెబుతుంది. ఉత్తరంలో ఏముందో చెప్పమంటే మాత్రం లేని వాక్యాలు కూడా కొటేషన్లలో పెట్టి ఇవ్వగలదు. తేదీ, పేరు అడిగి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి, నిమిషం పని.

మేం కూడా ఏమైనా చేయచ్చా?

చేయచ్చు. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు విప్లవ యుద్ధ సైనికుల పెన్షన్ ఫైళ్ళని వాలంటీర్ల చేత టైప్ చేయిస్తున్నారు, 80,000కి పైగా సైనికులవి. 1832 చట్టం ప్రకారం పెన్షన్ కావాలంటే ముసలి సైనికుడు కోర్టుకి వెళ్ళి ఎక్కడ పనిచేశాడో, ఏ అధికారి కిందో, గుర్తున్నంతా చెప్పాలి, గుమాస్తా రాసుకునేవాడు. వితంతువులు పెళ్ళికి రుజువుగా ఇంట్లో బైబిల్‌లో తేదీలు రాసుకున్న కాగితాన్ని చింపి జతచేశారు. కలిపిరాత ఇంగ్లీషు చదవగలిగితే చాలు, ఎక్కడున్నా అకౌంట్ తెరిచి రాయచ్చు. కలిపిరాత నేర్పి పెంచిన మన కాన్వెంటు తరం ఈ పనికి బాగా సరిపోతారు.

ఇండియా నుంచి ఇవన్నీ ఓపెన్ అవుతాయా?

పైన చెప్పినవాటికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. లైబ్రరీల పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన హాతీట్రస్ట్‌లో మాత్రం కొన్ని పుస్తకాలు అమెరికా బయట పూర్తిగా కనిపించవు. అప్పుడు అదే పేరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొట్టండి, చాలాసార్లు దొరుకుతుంది.